మూల మెవరి సొత్తు?

1

పందొమ్మిదవ శతాబ్ది తొలిపాదమున కడప పట్టణమునకు ఒక ఆంగ్లేయ యువకుడు ఉద్యోగియై వచ్చెను. అతడు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. 1798లో కలకత్తాలో జన్మించిన బ్రౌను 1817లో మద్రాసు చేరి, అచ్చట తెలుగు నేర్చుకొని, 1820లో కడపలో కొలువు ప్రారంభించెను. కొంతకాలము బందరు, రాజమహేంద్రవరములందు పనిచేసి మరల కడపకు వచ్చినప్పుడు అచ్చట ఒక బంగళాను సంపాదించి, దానిని తెలుగు గ్రంథములకు నిలయముగ చేసెను.

ఆ కాలమున తెలుగు గ్రంథములు చాలవరకు తాటాకులమీదనే యుండెడివి. ఒక ఇంట నున్న కావ్యము ప్రక్క ఊరివారికి తెలియకుండెను. లేఖకులు ఒకరి ప్రతిని చూచి యొకరు వ్రాయుచు పోగా, ఒకచోట అక్షరము జారును; వేరొకచోట పాదమే మారును. చెదలు తిన్నది తినగా మిగిలినది తప్పులతో నిండియుండును. వేమన పద్యములు ప్రజల నాలుకలమీద నుండెను గాని, వానిని పరిష్కరించి యొకచోట చేర్చిన గ్రంథము లేకుండెను.

బ్రౌను ఊరూరికి మనుష్యులను పంపి తాటాకు గ్రంథములను తెప్పించెను. అయోధ్యాపురము కృష్ణారెడ్డి మొదలగు పండితులను, లేఖకులను తన బంగళాలో నియమించెను. వారు ఒకే కావ్యమునకు దొరికిన ప్రతులనన్నింటిని ముందుంచుకొని, పాఠముతో పాఠము సరిచూచి, తప్పులు దిద్ది, శుద్ధప్రతిని వ్రాసెడివారు. అతడు కూర్చిన వేమన పద్యములు ఆంగ్లానువాదముతో 1829లో అచ్చయ్యెను. అతని తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో వెలువడెను.

ఈ పని ఊరక జరిగినది కాదు. పండితులకును, లేఖకులకును బ్రౌను తన సొంత ధనము నుండి జీతము లిచ్చెడివాడు. చేతి సొమ్ము చాలనప్పుడు అప్పులు కూడ చేసెను.

ఇందు గమనింపదగిన విషయములు మూడు కలవు. మొదటిది: గ్రంథమునకు ప్రతి వ్రాసికొన్నందువలన దాని యజమానునికి ఏమియు తరుగలేదు. ఎద్దును దానమిచ్చినవాని కొట్టమున ఎద్దు ఉండదు. పద్యమును చెప్పినవానియొద్ద పద్యము నిలిచియే యుండును. రెండవది: మూలపాఠము కంటబడిననే గాని తప్పులు దిద్దుటకు వీలులేదు. మూడవది: పంచుకొనుటకు ఖర్చు స్వల్పమే యైనను, సిద్ధము చేయుటకు శ్రమ అధికము. ఆ శ్రమకు వెల ఎవరో ఒకరు చెల్లింపవలెను.

బ్రౌను కాలమునకు నూటయేబది యేండ్ల తరువాత, తాటాకులకు బదులు కంప్యూటరులు వచ్చిన పిమ్మట, ఈ మూడు విషయములమీదనే లోకమున గొప్ప వివాదము చెలరేగెను. అది నేటికిని ముగియలేదు.

2

కంప్యూటరు తనంత తాను ఏ పనియు చేయజాలదు. ఏ పని ముందు, ఏ పని వెనుక చేయవలెనో మనుష్యుడు దానికి క్రమముగ చెప్పవలెను. అట్టి ఆజ్ఞల సముదాయమునకు ప్రోగ్రామని పేరు. ప్రోగ్రాముల నన్నింటిని కలిపి సాఫ్టువేరు అందురు.

ప్రోగ్రామును వ్రాయువాడు సాధారణముగ మనుష్యులు చదువదగిన భాషలో వ్రాయును. దీనినే సోర్సుకోడు, అనగా మూలరచన, అందురు. తరువాత అది సున్నలు, ఒకట్లు మాత్రమే గల యంత్రభాషలోనికి మార్చబడును. యంత్రరూపమును కంప్యూటరు తేలికగ గ్రహించును గాని, మనుష్యుడు చదివి దాని భావమును తెలిసికొనుట బహు కష్టము.

ఈ రెండింటికి గల భేదము ఇంటి వంటలోనే కనబడును. పండుగనాడు ఓళిగను తిన్నవాడు దాని రుచిని చెప్పగలడు. పప్పెంత, బెల్లమెంత, పూర్ణము నెంతసేపు ఉడికించిరి అను సంగతులు తిన్నంతమాత్రమున తెలియవు. వండినవారు చెప్పవలెను. వండిన ఓళిగ యంత్రరూపము వంటిది. వండు విధానము మూలరచన వంటిది.

కొన్ని సంస్థలు సాఫ్టువేరును అమ్మునప్పుడు యంత్రరూపమును మాత్రమే ఇచ్చి, మూలరచనను దాచియుంచును. కొన్నవాడు దానిని వాడుకొనవచ్చును గాని లోపల చూడరాదు, మార్చరాదు, ఇతరులకు ప్రతి ఈయరాదు. మరికొందరు మూలరచనను అందరి యెదుట నుంచి, చదువుటకు, మార్చుటకు, పంచుటకు అనుమతి నిత్తురు. మొదటిదానిని మూసిన సాఫ్టువేరని, రెండవదానిని ఓపెన్ సోర్సు సాఫ్టువేరని వ్యవహరింపవచ్చును. వీనిలో ఏది న్యాయము, ఏది మేలు అనునదే వివాదము.

3

వాణిజ్యపక్షమున మొదట గట్టిగ వాదించినవాడు బిల్ గేట్స్. 1975లో అమెరికాలో ఆల్టెయిర్ అను చిన్న కంప్యూటరు బజారునకు వచ్చెను. గేట్స్, అతని మిత్రుడు పాల్ ఆలెన్ దానికొరకు బేసిక్ అను కంప్యూటరు భాషను సిద్ధము చేసి, మైక్రోసాఫ్టు సంస్థను స్థాపించిరి. కంప్యూటరులయందు సరదాగలవారు ఆ బేసిక్‌ను ఒకరినుండి యొకరు ప్రతులు తీసికొని, వెల చెల్లింపకయే వాడుకొన సాగిరి.

1976 ఫిబ్రవరి 3వ తేదీన గేట్స్ వారికొక బహిరంగ లేఖ వ్రాసెను. అప్పటికి అతని వయస్సు ఇరువది యేండ్లు. తమ బేసిక్‌ను ఆల్టెయిర్ యజమానులలో పదవవంతైనను కొనలేదనియు, వచ్చిన రాబడిని పనిచేసిన కాలముతో భాగింపగా గంటకు రెండు డాలర్లైనను కిట్టుబాటు కాలేదనియు అతడు తెలిపెను. యంత్రమునకు వెల ఇచ్చువారు, ఆ యంత్రమును నడిపించు రచనకు వెల ఈయకుండుట దొంగతనమే యని ఆక్షేపించెను. నెలల తరబడి శ్రమించి, తప్పులు సవరించి, వివరములు వ్రాసి, తుదకు ఊరక పంచిపెట్టు నిపుణు డెవడుండునని ప్రశ్నించెను.

ఈ వాదము త్రోసిపుచ్చదగినది కాదు. మగ్గముమీద నేసినవానికి కూలి ఎట్లో, మేధతో నేసినవానికిని కూలి అట్లే. కూలి గిట్టని మగ్గము మూతపడును. ఈ న్యాయము ననుసరించియే మన దేశమున 1957 నాటి కాపీరైటు చట్టమును 1984లో సవరించి, కంప్యూటరు ప్రోగ్రాములను సాహిత్య రచనల కోవలో చేర్చిరి. అనగా చట్టము దృష్టిలో ప్రోగ్రాము వ్రాసినవాడును గ్రంథకర్తయే. అతని అనుమతి లేక ప్రతులు తీయుట నేరము.

4

రెండవపక్షమునకు మూలపురుషుడు రిచర్డ్ స్టాల్మన్. అతడు అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ ప్రయోగశాలలో పనిచేయుచుండెను. అచ్చటి వారందరు తాము వ్రాసిన ప్రోగ్రాములను పరస్పరము చూపుకొనుచు, మెరుగుపరచుకొనుచు ఉండెడివారు.

1980 ప్రాంతమున ఆ ప్రయోగశాలకు ఒక క్రొత్త ముద్రణయంత్రము వచ్చెను. అందు కాగితములు మాటిమాటికి ఇరుకుకొనుచుండెను. పూర్వపు యంత్రమునకు అట్టి చిక్కు వచ్చినప్పుడు స్టాల్మన్ దాని ప్రోగ్రామును మార్చి, కాగితము ఇరుకుకొనగనే పనివారికి వార్త అందునట్లు చేసియుండెను. క్రొత్త యంత్రపు మూలరచన అతనికి దొరకలేదు. దానిని కలిగియున్న వేరొక విశ్వవిద్యాలయపు వ్యక్తి నడుగగా, ఎవరికిని చూపనని తాను మాట ఇచ్చితినని అతడు నిరాకరించెను. యంత్రము ఎదుట నున్నది; దిద్దగల నేర్పు చేతిలో నున్నది; దిద్దుటకు మాత్రము అనుమతి లేదు. ఈ సంఘటన స్టాల్మన్ మనస్సున నాటుకొనెను.

1983 సెప్టెంబరులో అతడు గ్నూ అను పేర, అందరును చదివి మార్చుకొనదగిన సాఫ్టువేరు నిర్మాణమును ప్రకటించెను. 1985లో స్వేచ్ఛా సాఫ్టువేరు సంస్థను నెలకొల్పెను. వాడుకొనువానికి నాలుగు స్వేచ్ఛలు ఉండవలెనని అతని సిద్ధాంతము: ఏ పనికైనను ప్రోగ్రామును నడుపుకొను స్వేచ్ఛ, దాని మూలరచనను చదివి మార్చుకొను స్వేచ్ఛ, ప్రతులు పంచు స్వేచ్ఛ, తాను చేసిన మార్పులను కూడ పంచు స్వేచ్ఛ.

ఇంగ్లీషున ‘ఫ్రీ’ అను మాటకు స్వేచ్ఛ యనియు, ఉచితమనియు రెండర్థములు కలవు. అందువలన స్టాల్మన్ వెల లేకుండ ఇమ్మనుచున్నాడని పలువురు భ్రమపడిరి. తెలుగున ఈ చిక్కు లేదు. అతడు కోరినది స్వేచ్ఛ, ఉచితము కాదు. స్వేచ్ఛా సాఫ్టువేరును వెలకు అమ్ముటకు అతనికి అభ్యంతరము లేదు. కొన్నవాని చేతులు కట్టివేయరాదనియే అతని వాదము.

ఇట్లు పంచిన మూలమును ఎవడైనను తీసికొని, కొంచెము మార్చి, మరల మూసి అమ్ముకొన్నచో ఏమి కావలెను? దీనికి స్టాల్మన్ ఒక ఉపాయమును కనిపెట్టెను. 1989లో అతడు ప్రకటించిన లైసెన్సు ప్రకారము, మూలమును పొంది మార్చి పంచువాడు, తన మార్పుల మూలమును కూడ అవే షరతులతో ఈయవలెను. ఈ షరతునకు బలము కాపీరైటు చట్టమునుండియే వచ్చినది. గేట్స్ తన రచనను కాపాడుకొనుటకు ఏ చట్టము నాశ్రయించెనో, స్టాల్మన్ తన రచన మూతపడకుండుటకు ఆ చట్టమునే ఆశ్రయించెను.

కనుక దొంగచాటుగ ప్రతి తీసిన వాణిజ్య సాఫ్టువేరు ‘స్వేచ్ఛా సాఫ్టువేరు’ కానేరదు. మొదటిది కర్త అనుమతి లేనిది. రెండవది కర్త అనుమతి గలది.

5

1991 ఆగస్టులో ఫిన్లాండు దేశపు విద్యార్థి యొకడు, ఇరువది యొక్క యేండ్లవాడు, తాను సరదాకు ఒక ప్రోగ్రామును వ్రాయుచున్నానని ఇతరులకు తెలిపెను. అతడు లినస్ టోర్వాల్డ్స్; ఆ ప్రోగ్రాము లినక్సు. మరుసటి సంవత్సరము అతడు స్టాల్మన్ లైసెన్సు క్రింద దానిని అందరికి విడిచిపెట్టెను. గ్నూ ప్రోగ్రాములు, లినక్సు కలియగా కంప్యూటరును సంపూర్ణముగ నడుపగల వ్యవస్థ ఏర్పడెను. దేశదేశముల నుండి వేలకొలది జనులు, ఒకరి ముఖము నొకరు చూడకయే, దాని తప్పులు దిద్దిరి. బ్రౌను బంగళాలో పండితులు చేసిన పనిని వీరు సముద్రములకు ఆవలి నుండి చేసిరి. 2017 నవంబరు నాటికి ప్రపంచములోని 500 మేటి సూపరు కంప్యూటరులలో అన్నియు లినక్సుతోనే నడువసాగెను. ఆండ్రాయిడ్ ఫోనుల యందును లోపల నున్నది లినక్సే.

1998లో నెట్‌స్కేప్ అను వాణిజ్య సంస్థ తన ప్రోగ్రాము మూలరచనను వెల్లడించెను. ఆ సమయముననే ‘ఓపెన్ సోర్సు’ అను మాట పుట్టెను. ఈ మాటను ప్రచారము చేసినవారిలో ఎరిక్ రేమండ్ ప్రముఖుడు. పలువురు చూచిన రచనలో తప్పులు త్వరగ బయటపడును గనుక మూలమును తెరచియుంచుట లాభకరమని వీరి వాదము. స్టాల్మన్ దీనితో పూర్తిగ ఏకీభవింపలేదు. లాభమైనను కాకపోయినను, మూలమును చూచుట మనుష్యుని హక్కని అతని పట్టుదల. ఒకే బాటన నడుచువారిలో ఒకరు ధర్మమును చెప్పిరి. మరియొకరు ప్రయోజనమును చెప్పిరి.

వాణిజ్యపక్షము ఊరకుండలేదు. 2001లో మైక్రోసాఫ్టు అధినేతగ నున్న స్టీవ్ బామర్ లినక్సును క్యాన్సరు వ్యాధితో పోల్చెను. దాని లైసెన్సు తాకిన ప్రతి రచనయు మూలమును వెల్లడింపవలసి వచ్చునని అతని భయము.

2014 ఫిబ్రవరిలో ఆ సంస్థకు అధినేతగ వచ్చినవాడు సత్య నాదెళ్ల. అతడు 1967లో హైదరాబాదున జన్మించెను. తండ్రి యుగంధరు రాయలసీమలోని అనంతపురము జిల్లా బుక్కాపురమునకు చెందినవాడు, ప్రసిద్ధిగన్న ప్రభుత్వాధికారి. సత్య నాదెళ్ల ఆ సంవత్సరమే తమ సంస్థకు లినక్సు మీద ప్రేమ కలదని బహిరంగముగ ప్రకటించెను. 2018లో మైక్రోసాఫ్టు, ఓపెన్ సోర్సు రచయితలు తమ మూలరచనలను భద్రపరచుకొను గిట్‌హబ్ సంస్థను 750 కోట్ల డాలర్లకు కొనెను. అయినను విండోసు మూలము మూసియే యున్నది. వ్యాధి యనినవారే ప్రేమ యనుట హృదయము మారుటవలననా, లాభము కనబడుటవలననా యని స్వేచ్ఛావాదులు నేటికిని సంశయించుచున్నారు.

6

ఈ వివాదము తెలుగువారికి దూరపు సంగతి కాదు. తెలుగు అక్షరముల విషయముననే అది ప్రత్యక్షముగ కనబడినది.

కంప్యూటరు అక్షరమును చూడదు. ప్రతి యక్షరమును ఒక సంఖ్యగ గుర్తించును. తొలినాళ్లలో తెలుగు అక్షరములకు అందరు ఒప్పుకొన్న సంఖ్యలు వాడుకలోనికి రాలేదు. కొన్ని వాణిజ్య సంస్థలు శ్రమించి తెలుగు లిపిని కంప్యూటరునకు తెచ్చెను. పత్రికలు, పుస్తకములు, పెండ్లి శుభలేఖలు ఆ అక్షరములతో ముద్రింపబడెను. కర్నూలు, కడప మొదలైన ఊళ్లలో డి.టి.పి. కేంద్రములు వెలసి, అనేక యువజనులకు జీవనోపాధి కలిగెను. ఆ మేలు మరువరానిది.

కాని ఒక్కొక్క సంస్థ తన అక్షరములకు తన ఇష్టము వచ్చిన సంఖ్యల నిచ్చుకొనెను. అందువలన ఒక సంస్థ అక్షరములతో కూర్చిన అర్జీని, ఆ సంస్థ సరకు లేని కంప్యూటరులో తెరచినచో తెలుగునకు బదులు అర్థము లేని గుర్తులు కనబడెను. కర్నూలున కూర్చిన పాఠము కడపలో చదువుటకు వీలులేకుండెను. వ్రాసినవాడు తెలుగువాడే, చదువువాడును తెలుగువాడే. నడుమ తాళముచెవి మాత్రము మూడవవాని చేతిలో నుండెను. ఆ సంస్థ మూతపడినచో దాని సంఖ్యలతో దాచిన గ్రంథముల గతి చెదలు తిన్న తాటాకుల గతియే.

ఈ చిక్కు తీర్చుటకు మొదట కావలసినది అందరికి ఉమ్మడియైన సంఖ్యాపట్టిక. 1991లో వెలువడిన యూనికోడు అట్టిది. అది సాఫ్టువేరు కాదు; ప్రపంచ లిపులలోని అక్షరములకు నిర్ణయించిన సంఖ్యల పట్టిక. అందు తెలుగునకు 3072 మొదలు 3199 వరకు 128 స్థానములు ఈయబడెను. ‘క’ అను అక్షరమునకు 3093 సంఖ్య. ఏ దేశమున, ఏ యంత్రమున తెరచినను ఆ సంఖ్య ‘క’ గానే నిలుచును. ఈ పట్టికను వాణిజ్యపక్షమువారును, స్వేచ్ఛాపక్షమువారును సమానముగ అంగీకరించిరి. విండోసు నందలి గౌతమి అక్షరములు యూనికోడునే అనుసరించినవి.

పిమ్మట ఆ సంఖ్యలకు రూపము లీయవలసియుండెను. తిరుమల కృష్ణ దేశికాచారి పోతన, వేమన అను పేర్లతో అక్షరరూపములను రచించి, స్వేచ్ఛా లైసెన్సు క్రింద అందరికి ఇచ్చెను. తరువాత సిలికానాంధ్ర సంస్థ ధూర్జటి, గిడుగు, గురజాడ, తిమ్మన మొదలగు పేర్లతో అక్షరరూపములను వెలువరించెను. ఇవియు ఎవరైనను వాడుకొనవచ్చునట్లు ఓపెన్ లైసెన్సుతో వచ్చినవి. హైదరాబాదు కేంద్రముగ స్వేచ్ఛ అను సంస్థ తెలుగున కంప్యూటరు వ్యవస్థను సిద్ధపరచి, విద్యార్థులలో స్వేచ్ఛా సాఫ్టువేరును ప్రచారము చేసెను. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా ప్రారంభమయ్యెను. దాని వ్యాసములను వ్రాసినవారు స్వచ్ఛంద సేవకులు. దానిని నడుపు సాఫ్టువేరును ఓపెన్ సోర్సే. ఇట్లు తాళముచెవి క్రమముగ తెలుగువారి చేతికి వచ్చెను.

7

అట్లయిన ఓపెన్ సోర్సునకు దోషములే లేవా? కలవు. 2014 ఏప్రిలులో ఒక పెద్ద ప్రమాదము బయటపడెను. ఇంటర్నెట్టులో రహస్యములను కాపాడు ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ అను ప్రోగ్రామున రెండేండ్లుగ ఒక తప్పు దాగియుండెను. ఆ తప్పునకు హార్ట్‌బ్లీడ్ అని పేరు పెట్టిరి. మూలము అందరి యెదుట నున్నను ఎవరును చూడలేదు. లోకమంతయు ఆధారపడిన ఆ ప్రోగ్రామును కొద్దిమంది వ్యక్తులే, స్వల్పమైన విరాళములతో, కాపాడుచుండిరి. చూచు హక్కు అందరికి కలదు గాని, చూచు పనికి జీతమిచ్చువారు లేకుండిరి. గేట్స్ 1976లో వేసిన ప్రశ్న ఇచ్చట మరల తలయెత్తెను. అటుపిమ్మట పెద్ద వాణిజ్య సంస్థలు కలిసి అట్టి ప్రోగ్రాములకు ధనసహాయము చేయ మొదలిడెను.

మూసిన సాఫ్టువేరునకు గల దోషము వేరు. అది రాయలసీమ చరిత్రలోని ఒక కాలువవలన బాగుగ బోధపడును. కరవుసీమయగు కర్నూలు, కడప ప్రాంతములకు తుంగభద్ర నీటిని తెచ్చుటకై పందొమ్మిదవ శతాబ్దిలో సుంకేసుల వద్ద ఆనకట్ట కట్టి, కర్నూలు–కడప కాలువను త్రవ్విరి. త్రవ్వినది సర్కారు కాదు. మద్రాసు ఇరిగేషన్ కంపెనీ అను వాణిజ్య సంస్థ. కంపెనీ మూలధనము లేనిచో ఆ కాలమున కాలువ వచ్చియుండెడిది కాదేమో. కాని ఆశించినంతగ రైతులు నీటిని తీసికొనలేదు. కంపెనీకి లాభము రాలేదు. తుదకు 1882లో ప్రభుత్వము కాలువను తన స్వాధీనము చేసికొనెను. నేటికిని కె.సి. కాలువ పొలములను తడుపుచున్నది.

కంపెనీ తొలగినను కాలువ ఎట్లు నిలిచినది? గట్టు కంటి కెదుట నున్నది. గండి ఎచ్చట పడినదో నడిచి చూచినవానికి తెలియును. ఏ యింజనీరైనను దానిని మరమ్మతు చేయగలడు. మూసిన సాఫ్టువేరునకు ఈ భాగ్యము లేదు. దాని సంస్థ తొలగిపోయినచో మూలరచనయు దానితో పోవచ్చును. అప్పుడు గండి పడిన దని తెలిసియు, గట్టు ఎచ్చట నున్నదో తెలియని కాలువవలె అది నిరుపయోగమగును.

ఈ సంగతిని ప్రభుత్వములును గుర్తించెను. ప్రజల భూములు, పన్నులు, విద్య మొదలగువాని వివరములను దాచు సాఫ్టువేరు ఒక్క సంస్థకే అధీనమై యుండరాదను ఆలోచన బలపడెను. 2015లో భారత ప్రభుత్వము తన కార్యాలయములలో ఓపెన్ సోర్సు సాఫ్టువేరునకు ప్రాధాన్యమిచ్చు విధానమును ప్రకటించెను. తగిన కారణమున్నచో మూసినదానిని ఎన్నుకొనుటకును అందు అవకాశ మీయబడెను.

ఇక వాణిజ్యమునకును ఓపెన్ సోర్సునకును పుట్టు వైరము లేదని కాలము నిరూపించినది. రెడ్ హ్యాట్ అను సంస్థ లినక్సును మూలముతోసహా పంచుచు, దానిని నిర్వహించు సేవకు వెల పుచ్చుకొని వృద్ధి చెందెను. ఐ.బి.యం. సంస్థ 2019లో దానిని 3,400 కోట్ల డాలర్లకు కొనెను. నేడు లినక్సునకు మార్పులు వ్రాయువారిలో అనేకులు పెద్ద సంస్థలలో జీతము పుచ్చుకొనువారే. కూలికొరకు మూలమును మూయవలసిన పని లేదని దీనివలన తేలినది. అయినను ప్రతి రచయితకు ఇట్టి మార్గము దొరకదు. చిన్న ఊరిలో ఒంటరిగ ప్రోగ్రాము వ్రాసి అమ్ముకొని బ్రతుకువానికి, తన మూలమును దాచుకొను హక్కును చట్టము ఇచ్చినది. ఆ హక్కును మన్నించుట ధర్మము.

8

కడపలో బ్రౌను బంగళా కాలక్రమమున శిథిలమయ్యెను. జానుమద్ది హనుమచ్ఛాస్త్రి మొదలగువారి కృషివలన ఆ స్థలమున గ్రంథాలయము వెలసినది. అదియే నేడు సి. పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రము. యోగి వేమన విశ్వవిద్యాలయమునకు అనుబంధముగ నున్న ఆ కేంద్రమున తాటాకు గ్రంథములు భద్రముగ నున్నవి.

బ్రౌను నిఘంటువు పాతబడిన గ్రంథము గనుక దానిమీద ఇప్పుడు ఎవరికిని ప్రత్యేకపు హక్కు లేదు. దాని పుటలు ఇంటర్నెట్టులోనికి ఎక్కినవి. ఇడుపులపాయ విద్యార్థియైనను, కర్నూలు విద్యార్థియైనను, అమెరికాలోని తెలుగు బాలుడైనను ఒక మాటను వెదకి క్షణములో దాని అర్థమును తెలిసికొనవచ్చును. లినక్సు మూలరచనయు అట్లే. కోరినవారెవరైనను దానిని తెరచి చదువవచ్చును. చేతనైనచో తప్పును దిద్ది పంపవచ్చును. అది స్వీకరింపబడునా లేదా యనునది వ్రాసినవాని ఊరినిబట్టి గాక రచనను బట్టి నిర్ణయింపబడును.

బ్రౌను పండితులకు జీతమిచ్చెను. వారు దిద్దిన గ్రంథమును లోకమునకు ఇచ్చెను. జీతము ఈయకున్నచో పండితులు వచ్చియుండరు. గ్రంథమును పెట్టెలో దాచియున్నచో అది తెలుగువారికి అందియుండదు. శ్రమకు వెల దొరకవలెనను గేట్స్ మాటయు, మూలము తెరచియుండవలెనను స్టాల్మన్ మాటయు వేరొక దేశమున, వేరొక కాలమున పలికినవే. కాని కడపలోని ఆ బంగళాలో ఆ రెండును ఒకే కప్పు క్రింద ఇమిడెను.

ప్రశ్నలు

1. బ్రౌను తాటాకు గ్రంథములను ఎట్లు సేకరించి పరిష్కరింపజేసెను? అందు గమనింపదగిన మూడు విషయము లేవి?

2. మూలరచనకును యంత్రరూపమునకును గల భేదమును మీకు తెలిసిన మరియొక ఉదాహరణముతో వివరింపుడు.

3. గేట్స్ తన లేఖలో చేసిన ఆక్షేపణలు ఏవి? స్టాల్మన్ చెప్పిన నాలుగు స్వేచ్ఛలు ఏవి?

4. దొంగచాటుగ ప్రతి తీసిన సాఫ్టువేరు స్వేచ్ఛా సాఫ్టువేరు ఏల కాదు?

5. యూనికోడు రాకపూర్వము తెలుగు పాఠములను పంచుకొనుటలో కలిగిన చిక్కు ఏమి? అది ఎట్లు తీరెను?

6. హార్ట్‌బ్లీడ్ ఉదంతము, కర్నూలు–కడప కాలువ చరిత్ర ఈ వివాదమున ఏయే పక్షములకు బలము నిచ్చుచున్నవి? మీ అభిప్రాయమును కారణములతో వ్రాయుడు.